కాస్టారా తీరంలో అతిథిగా: టొబాగోలోని మత్స్యకార పల్లెకు వెళ్ళేవారికి కొన్ని సూచనలు

కరీబియన్ ప్రాంతంలోని టొబాగో దీవికి ఉత్తరపు ఒడ్డున, కొండలు సముద్రం దాకా దిగివచ్చి ఆగినచోట, కాస్టారా అనే చిన్న ఊరు ఉంది. ఊరి ముందు రెండు సముద్రపు వంపులు ఉన్నాయి. పడవలు ఆగేది పెద్దది, రాళ్ళ చాటున ఉండేది చిన్నది. పెద్ద హోటళ్ళు లేవు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఇళ్ళలో కొన్నింటిని ఊరివాళ్ళే ప్రయాణికులకు అద్దెకు ఇస్తారు. కొన్ని భోజనశాలలు, చిన్న దుకాణాలు, ఒక బడి, ప్రార్థనామందిరాలు, ఒడ్డునే చేపలు దించి కోసుకునే కట్టడం, వీటితో ఊరు దాదాపు పూర్తవుతుంది. ఇంత చిన్న ఊళ్ళో నాలుగు రోజులు ఏం చేస్తారని వెళ్ళేముందు నన్ను చాలామంది అడిగారు. వెళ్ళి వచ్చాక నాకు తోచింది ఏమిటంటే, అక్కడ ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న కాదు, ఏ వేళకు ఎక్కడ ఉండాలన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే ఇక్కడి ఇసుకతీరం ముందుగా పనిచేసుకునే చోటు, ఆ తరువాతే విహారస్థలం. పడవ ఎప్పుడు వస్తే అప్పుడు చేప, పొయ్యి ఎప్పుడు రాజుకుంటే అప్పుడు రొట్టె, సముద్రం ఎప్పుడు నెమ్మదిస్తే అప్పుడు ఈత. ఊరి వేళలకు మన వేళలను సర్దుకునేవారికి కాస్టారా చాలా ఇస్తుంది. గడియారం పట్టుకుని, చూడవలసిన స్థలాల జాబితా పట్టుకుని వెళ్ళేవారు మాత్రం రెండో రోజుకే విసుగెత్తి, అరిటాకులంత ఎండ టోపీలు సర్దుకుని వేరే ఊరికి బయలుదేరుతారు. దిగువన రాసినవన్నీ మొదటి రకం ప్రయాణికులను మనసులో పెట్టుకుని రాసినవి.

ఎప్పుడు వెళ్ళాలి

జనవరి నుంచి మే దాకా పొడికాలం, జూన్ నుంచి డిసెంబరు దాకా వానకాలం. అక్కడి వానకాలం మన ముసురులాంటిది కాదు. పొద్దున చక్కగా ఎండ కాసి, మధ్యాహ్నం ఒక గంట కుండపోతగా కురిసి, సాయంత్రానికి మళ్ళీ తెరిపి ఇవ్వడం మామూలే. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వానలు కొన్నాళ్ళు వెనక్కి తగ్గుతాయి. ఆ విరామాన్ని అక్కడివారు పాత ఫ్రెంచి మాటతో పెటీ కరేమ్ అంటారు. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు లెక్క. టొబాగో భూమధ్యరేఖకు ఉత్తరంగా పదకొండు డిగ్రీల దగ్గరే ఉండడంవల్ల చాలా తుఫానులు దానికి పైనుంచి వెళ్ళిపోతాయి. అంతమాత్రాన దీవికి తుఫానే తెలియదని అనుకోకూడదు. 1963 సెప్టెంబరు 30న వచ్చిన ఫ్లోరా తుఫాను ఇళ్ళతో పాటు కొబ్బరి, కోకో తోటలను, కొండమీది అడవిని కూడా కూల్చివేసింది.

పొడికాలమే మంచిదని అందరూ చెబుతారు. నేనూ అదే చెబుతాను గానీ, ఒక మెలిక ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా, ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో రేగిన గాలుల మూలంగా పెద్ద అలలు బయలుదేరి వచ్చి, ఎండ కాస్తున్న రోజునే ఈ ఉత్తరపు ఒడ్డును దంచేస్తాయి. అలాంటప్పుడు పడవలను ఇసుకమీద పైదాకా లాగి పెడతారు. పడవలు పైన ఉన్న రోజున మీరు ఈతకు దిగవలసిన పని లేదు. వాతావరణ సూచనలకంటే ఈ గుర్తు నమ్మదగినది.

కాగితాలు, టీకా, దారి

ట్రినిడాడ్, టొబాగో రెండు దీవులూ కలిసి ఒకే దేశం. బ్రిటిష్ పాలకులు 1889లో టొబాగోను ట్రినిడాడ్‌తో జతచేశారు, 1962 ఆగస్టు 31న రెండూ కలిసే స్వతంత్రమయ్యాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి 90 రోజుల లోపు పర్యటనకు ముందుగా వీసా తీసుకోవలసిన అవసరం లేదు. అయితే నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్టు కొనేముందు ఆ దేశపు అధికారిక సమాచారాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. అసలు చిక్కు గమ్యంలో కాదు, దారిలో ఉంటుంది. భారతదేశం నుంచి నేరుగా విమానం లేనందువల్ల సాధారణంగా అమెరికా, బ్రిటన్ లేదా కెనడా లాంటి మరో దేశం మీదుగా వెళ్ళవలసి వస్తుంది. అమెరికా విమానాశ్రయంలో విమానం మారడానికి కూడా మనకు వీసా ఉండి తీరాలి.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగువారికి ఒక ప్రత్యేక హెచ్చరిక చేయాలి. హెచ్1బీ మీద ఉండి, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినవారు, కెనడాకో మెక్సికోకో వెళ్ళి ముప్ఫై రోజుల లోపు తిరిగివచ్చే వెసులుబాటు కరీబియన్ దీవులకు కూడా వర్తిస్తుందని అనుకుంటారు. దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులకు, పరిశోధకులకే పరిమితం. కనుక ముద్ర గడువు చూసుకోకుండా టికెట్టు కొనకండి.

టీకా సంగతి మరింత ముఖ్యం. పచ్చజ్వరం ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితాలో ట్రినిడాడ్ ఉంది, టొబాగో లేదు. కానీ టొబాగో వెళ్ళే చాలామంది ట్రినిడాడ్‌లో ఉన్న దేశ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దిగి ఒకటి రెండు రోజులు ఉంటారు. అక్కడినుంచి ఆరు రోజుల లోపు భారతదేశంలో అడుగుపెట్టేవారి దగ్గర పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయ ఆరోగ్యాధికారులు వారిని నిర్బంధ పరిశీలనలో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే ఆ పత్రం చెల్లుతుంది, ఆ తరువాత జీవితాంతం పనికివస్తుంది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదువారికి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ చాలాకాలంగా తెలిసిన చోటే. ప్రయాణానికి నెల ముందే ఈ పని ముగించుకోవడం మంచిది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి టొబాగోకు విమానంలో అరగంట కూడా పట్టదు. ఓడలో టొబాగో ముఖ్యపట్టణమైన స్కార్బరో రేవుకు నాలుగు గంటల దాకా పడుతుంది, దారిలో సముద్రం బాగా ఊపుతుంది కనుక కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు విమానానికే మొగ్గు చూపాలి. విమానాశ్రయం దీవికి నైరుతి కొసన క్రౌన్ పాయింట్‌లో ఉంది, అక్కడినుంచి కాస్టారాకు కారులో సుమారు గంట ప్రయాణం. బండ్లు మన దేశంలో లాగే ఎడమవైపు నడుస్తాయి గానీ, కొండదారి ఇరుకు, మలుపులు పదును. బండి నంబరు హెచ్ అక్షరంతో మొదలైతే అది ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్న బండి, పీ అక్షరమైతే సొంత బండి. ప్రభుత్వ బస్సు చౌకైనదే, కాకపోతే టికెట్టు బస్సులో ఇవ్వరు, ముందుగానే కొనుక్కుని ఎక్కాలి. ఈ సంగతి తెలియక మొదటి రోజు నేను చేతిలో నోటు పట్టుకుని బస్సు మెట్టుమీద నిలబడ్డాను. డ్రైవరు కోప్పడలేదు, నవ్వి కిందికి చూపించాడు. తరువాతి బస్సు కోసం ఎదురుచూస్తూ గడిపిన కాలంలో దీవి గురించి నేర్చుకున్నది తక్కువేమీ కాదు.

డబ్బు ట్రినిడాడ్, టొబాగో డాలర్లలో ఉంటుంది. ఒక అమెరికా డాలరుకు సుమారు 6.7 నుంచి 6.8 దాకా వస్తాయి. నగదును విమానాశ్రయం దగ్గరో స్కార్బరోలోనో తీసుకుని, అందులో చిన్న నోట్లు ఎక్కువగా ఉండేలా చూసుకోండి. రొట్టె అమ్మే ఆమె దగ్గర వంద డాలర్ల నోటుకు చిల్లర ఉండదు. సామాను సర్దుకునేటప్పుడు సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలను ఇంట్లోనే వదిలేయాలి. పిల్లల నిక్కరైనా, వీపు సంచి అయినా సరే, ఆ గుడ్డ ఆ దేశంలో పౌరులకు చట్టరీత్యా నిషిద్ధం.

పలకరింపు

ఊళ్ళో మీరు నేర్చుకోవలసిన మొదటి మర్యాద పలకరింపు. దుకాణంలో కాలు పెట్టగానే, టాక్సీలో కూర్చోగానే, దారిలో ఎవరైనా ఎదురుపడగానే ముందుగా గుడ్ మార్నింగ్ లేదా గుడ్ ఆఫ్టర్‌నూన్ అనాలి, ఆ తరువాతే కావలసింది అడగాలి. పలకరించకుండా నేరుగా ‘నీళ్ళ సీసా ఎంత’ అంటే, సమాధానం వస్తుంది గానీ ఆ మాటలోని చలి మీకు తెలిసిపోతుంది. మన పల్లెల్లో గడప దాటి లోపలికి వచ్చి ‘బాగున్నారా’ అనకుండా పని మాట ఎత్తినవాడిని ఎలా చూస్తారో అలాగే.

మొదటి రాత్రి నేను దుకాణం ముందు నిలబడి ఉండగా ఒక పెద్దావిడ లోపలికి వస్తూనే అందరివైపూ చూసి ‘గుడ్ నైట్’ అంది. ఈవిడ వచ్చీరాగానే వెళ్ళిపోతోందేమిటని నేను పక్కకు తప్పుకున్నాను. లోపల ఉన్నవాళ్ళంతా ఒకేసారి ‘గుడ్ నైట్’ అని బదులిచ్చారు, ఆవిడ తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ దేశంలో చీకటి పడ్డాక గుడ్ నైట్ అనేది వీడ్కోలు కాదు, పలకరింపు. మరునాటినుంచి నేనూ అలాగే అన్నాను. మూడో రోజుకు దుకాణదారు నా ముఖం చూడకుండానే బదులివ్వడం మొదలుపెట్టాడు. అంటే అలవాటయ్యానని అర్థం.

అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు, అయితే తమలో తాము మాట్లాడుకునే టొబాగో క్రియోల్ అనే స్థానిక భాష మొదట అందదు. అందనిదాన్ని అనుకరించి నవ్వించబోకండి. ఏ పనీ లేకుండా కూర్చుని కబుర్లాడుకోవడాన్ని లైమింగ్ అంటారు. మన రచ్చబండ దగ్గర జరిగేదే అది. ఎవరైనా లైమ్‌కు రమ్మంటే వేళ అడగకుండా వెళ్ళండి, చేతిలో పంచుకోవడానికి ఏదైనా ఉంటే మంచిది. ఈత దుస్తులు ఇసుకవరకే. వీధిలోకి, దుకాణంలోకి వచ్చేటప్పుడు పైన చొక్కానో లుంగీలాంటి గుడ్డో వేసుకోవాలి. మనుషుల ఫోటో తీయాలంటే, ముఖ్యంగా చేప కోస్తున్నవారిది తీయాలంటే, ముందు అడగాలి. వద్దన్నవారు కోపంతో అన్నట్టు కాదు, పనిలో ఉన్నారంతే.

వల లాగే పూట

ఉప్పాడ, భీమిలి తీరాల్లో అలివి వల లాగడం చూసినవారికి కాస్టారాలో కనిపించేది కొత్తగా ఉండదు, కొత్తగా ఉండనందువల్లే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక పడవ తాడు కొసను ఒడ్డున వదిలి, వలను దించుకుంటూ అర్ధచంద్రాకారంలో తిరిగి, రెండో కొసను కొంత దూరాన ఒడ్డుకు చేరుస్తుంది. ఆ పైన రెండు వరుసల మనుషులు రెండు తాళ్ళనూ లాగుతూ, క్రమంగా ఒకరికొకరు దగ్గరవుతారు. ఇది గంటకు పైగా సాగే పని. లోపల చేప ఎంత ఉందో చివరి పది నిమిషాల దాకా ఎవరికీ తెలియదు.

నేను చూసిన పూట, ముందు వరుసలో ఉన్న ఒక ముసలాయన తాడును భుజానికి ఆన్చి, మడమలను ఇసుకలో పాతి, వెనక్కి వాలి, ఒక్కొక్క అడుగే వేస్తున్నాడు. తాడు నీళ్ళలోంచి వచ్చేటప్పుడు పిండినట్టు నీరు కారుతోంది. వరుస చివరికి చేరినవాడు తాడును చుట్టగా పడేసి, పరుగున నీళ్ళ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ముందు పట్టుకుంటున్నాడు. నేను ఫోటో కోసం రెండు తాళ్ళ మధ్యకు వెళ్ళాను. ముసలాయన తల తిప్పకుండానే ‘కాళ్ళ కింద చూసుకో’ అని కేకవేశాడు. చూస్తే వదులుగా పడిఉన్న తాడు చుట్టలో నా పాదం ఉంది. ఇంకొక్క క్షణంలో అది బిగుసుకునేది. ఫోను జేబులో పెట్టాక, అదే ముసలాయన గడ్డంతో తన వెనక ఖాళీని చూపించాడు. అది పిలుపని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

కాబట్టి పాటించవలసినవి ఇవి. తాళ్ళ మధ్య నిలబడకూడదు, తాడును దాటకూడదు, ఆరేసిన వలమీద అడుగు పెట్టకూడదు. పిలిచేదాకా చెయ్యి వేయకూడదు. పిలిస్తే మాత్రం మొహమాటపడకండి, ఎందుకంటే ఒక్క మనిషి బలం కూడా వాళ్ళకు ఉపయోగమే. ఉంగరాలు, గడియారం తీసేసి, ముందున్నవాడి లయను పట్టుకుని లాగాలి. అలసిపోతే పక్కవాడికి చెప్పి తప్పుకోవాలి గానీ ఉన్నట్టుండి తాడు వదిలేయకూడదు. అరచేతులు మండడం ఖాయం, రాత్రికి కొబ్బరినూనె రాసుకుంటే సరిపోతుంది. లాగినవారికి కొద్దిపాటి చేప ఇవ్వడం ఆనవాయితీ. అడిగి తీసుకోవడం మర్యాద కాదు, ఇచ్చినదాన్ని వద్దనడం అంతకంటే మర్యాద కాదు. శాకాహారులైతే తీసుకుని మీరు దిగిన ఇంటివారికి ఇవ్వండి, ఆ పూట మీ వంకాయ కూర సంగతి వాళ్ళే చూసుకుంటారు.

వల లాగని రోజుల్లో పడవలు లోతు సముద్రానికి వెళతాయి. పిరోగ్ అనే ఈ పొడవాటి పడవలకు రెండు పక్కలా మీసాలలాగా వెదురు గడలు ఉంటాయి. వాటికి గాలాల తాళ్ళు కట్టి, పడవ నడుస్తుండగా ఎరను వెనకాల ఈడుస్తూ పెద్ద చేపలను పడతారు. అవి తిరిగి వచ్చేది మధ్యాహ్నమో సాయంత్రమో. ఆ వేళకు చురుకైన కళ్ళతో పెలికాన్లు, కత్తెర తోక ఫ్రిగేట్ పక్షులు తీరం మీద తిరుగుతూ ఉంటాయి. చేప దిగిందని శంఖం ఊది ఊరికి తెలియజేయడం కరీబియన్ మత్స్యకార గ్రామాల్లో పాత అలవాటు. దేవుడి గదిలో తప్ప శంఖం విననివారికి ఆ ధ్వని కొంత తికమక కలిగిస్తుంది.

చేప కొనేవారికి తూకం పౌండ్లలో ఉంటుంది. కింగ్‌ఫిష్ అని అమ్మేది మన వంజరానికి దగ్గరి చుట్టం, ముక్కలు కూడా అలాగే వస్తాయి. బేరం ఆడకండి. రోజంతా సముద్రంమీద ఉండి వచ్చినవాడితో రెండు డాలర్ల కోసం వాదించడం బాగుండదు, పైగా నిలదీసి అడిగితే ధర తగ్గదు, అడగకుండా నిలబడితే తరచూ ఒక ముక్క ఎక్కువే పడుతుంది. శుభ్రం చేసి ఇమ్మంటే అక్కడే కోసి ఇస్తారు, దానికి వేరుగా కొంత ఇవ్వాలి. ఇంకొక సంగతి. భోజనశాల పలకమీద ‘డాల్ఫిన్’ అని కనిపిస్తే బెంబేలెత్తకండి. అది మహి మహి అని పిలిచే చేప, గంతులు వేసే జలచరం కాదు.

తిండి

తీరానికి వెనకగా మట్టిపొయ్యి ఉంది. బంకమట్టితో గుమ్మటంలాగా కట్టిన ఆ పొయ్యిలో ముందు కట్టెలు మండించి, గోడలు బాగా కాగాక నిప్పులు ఊడ్చేసి, రొట్టెలను పొడవాటి పలకమీద పెట్టి లోపలికి తోస్తారు, తలుపు మూసేస్తారు. వారంలో ఒకటి రెండు రోజులే కాలుస్తారు కనుక, ఏ రోజో వచ్చిన పూటే అడిగి తెలుసుకోండి. కొబ్బరి తురుము వేసిన తియ్యటి రొట్టె ముందుగా అయిపోతుంది. తలుపు తెరిచినప్పుడు వచ్చే వాసనకు ఊరి పిల్లలతో పాటు కుక్కలు కూడా వరుసలో నిలబడతాయి.

తిండిలో మనకు తెలిసినవి చాలానే ఎదురవుతాయి. దాషీన్ అంటే చామదుంప, దాని ఆకులతో చేసేదే కలలూ అనే చిక్కటి పులుసు. ఏటా అక్టోబరు ప్రాంతంలో ఈ దుంప పేరుమీద టొబాగోలో నీలి తిండి పండుగ కూడా జరుపుతారు, ఉడికిన దుంప నీలి రంగు తిరుగుతుంది గనుక ఆ పేరు. దీవి ప్రత్యేక వంటకం పీతల కూర, దానితో పిండి ఉండలు. చేత్తో, చొక్కా పాడైనా ఫరవాలేదనుకుని తినవలసిన తిండి. శనగల కూర నింపిన రొట్టె, బారా అనే రెండు వేయించిన మెత్తటి రొట్టెల మధ్య శనగలు పెట్టి ఇచ్చే డబుల్స్ ట్రినిడాడ్ నుంచి వచ్చినవి. షాడో బెని అనే ఆకు పొడవుగా, అంచులకు ముళ్ళతో ఉంటుంది గానీ, నలిపి వాసన చూస్తే కొత్తిమీరే. కారం విషయంలో గుంటూరు పేరు చెప్పి రొమ్ము విరుచుకోకండి. అక్కడి మిరపతో చేసే పెప్పర్ సాస్‌ను ముందు స్పూను కొసతో రుచి చూడాలి. నేను అలా చూడలేదు, అంతకంటే వివరాలు అనవసరం.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. కలలూలో తరచుగా పీత గానీ ఉప్పు మాంసం గానీ వేస్తారు, కనుక పేరు వినగానే ఆకుకూర అనుకోకూడదు. రస్తఫారి మతస్థులు ఉప్పు తగ్గించి, మాంసం లేకుండా వండుకునే తిండిని ఐటల్ అంటారు, ఆ మాట వాడి అడిగితే మీకు కావలసింది వెంటనే అర్థమవుతుంది. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే పేచీయే లేదు. పప్పు, పసుపు, జీలకర్ర దుకాణంలోనే దొరుకుతాయి.

ఆ జీలకర్ర అక్కడికి ఎలా చేరిందో కూడా చెప్పాలి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తానుంచి మొదటి భారతీయ కూలీలను ట్రినిడాడ్‌కు తెచ్చింది, ఆ రోజు ఇప్పుడు జాతీయ సెలవు. 1917 దాకా సాగిన ఆ వలసలో లక్షా నలభై వేలమందికి పైగా వెళ్ళారు. మద్రాసు రేవులో ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. చెరకు తోటల్లో వాళ్ళందరికీ కలిపి మద్రాసీ అనే ఒకటే పేరు. భాష నిలవలేదు. అయితే వీరంతా చేరింది ట్రినిడాడ్‌కే. టొబాగోవారిలో అత్యధికులు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి సంతతి. కాబట్టి కాస్టారాలో మిమ్మల్ని చూసి ఎవరైనా ‘ట్రినిడాడ్‌నుంచా’ అని అడిగితే అది సహజమైన ప్రశ్న. ట్రినిడాడ్‌ను, టొబాగోను కలిపి ఒకే ఊరిలా మాట్లాడితే మాత్రం మీ ఎదుటివాడు ఓపికగా తేడా వివరిస్తాడు, అది తొందరగా ముగియదు.

నీళ్ళు, చెట్లు, చీకటి

ఈతకు పెద్ద వంపులో పడవలు దిగే దారిని వదిలి, అంచున ఉండండి. ఇంజను పడవ నడిపేవాడికి అలల మధ్య మీ తల కనిపించదు. చిన్న వంపు ఈతకు, నీటి అడుగు చూడడానికి అనువైనది. పగడాలమీద నిలబడకూడదు, అవి రాళ్ళలా కనిపించినా ప్రాణమున్నవి. అల వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డువైపు పోరాడకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ లాగుడు దాటాక తిరగాలి.

తీరపు చెట్లలో మంచినీల్ అనేదాన్ని తప్పక గుర్తుపట్టాలి. చిన్న పచ్చి ఆపిల్‌లాంటి కాయలు, నిగనిగలాడే ఆకులు, నీడ కూడా చల్లగానే ఉంటుంది. దాని పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, వానలో ఆ చెట్టు కింద నిలబడితే ఆకులమీదుగా కారే నీరే చాలు. 1999లో ఒక బ్రిటిష్ వైద్యురాలు టొబాగో ఇసుకలో దొరికిన ఆ కాయను కొరికి, మొదట తియ్యగా అనిపించి, నిమిషాల్లో గొంతు మండి, మింగలేక గంటల తరబడి బాధపడిన తన అనుభవాన్ని తరువాత వైద్యపత్రికలో రాశారు. పిల్లలతో వెళ్ళేవారు ఇసుకలో పడిఉన్న ఏ కాయనూ ముట్టుకోనీయకండి.

ఊరికి వెనకనున్న మెయిన్ రిడ్జ్ అడవిని 1776 ఏప్రిల్ 13న చట్టం చేసి కాపాడారు. చెట్లు నరికితే వానలు తగ్గి చెరకు ఎండుతుందన్న భయమే దానికి కారణం. ఇప్పుడు పశ్చిమార్ధగోళంలో చట్టరీత్యా రక్షణ పొందిన అడవుల్లో అదే పాతదని చెబుతారు. ఒక రోజు పొద్దున గైడుతో వెళ్ళి రండి. బురద దారి, గట్టి చెప్పులు ఉండాలి.

మార్చి నుంచి ఆగస్టు దాకా తోలు వీపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట టొబాగో తీరాలకు వస్తాయి. మంచమంత ఉండే ఆ జీవి ఇసుకలో గుంట తవ్వుతుంటే దగ్గర చూడాలనిపించడం సహజం. కానీ టార్చి వెలుగు పడితే అది గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోవచ్చు. శిక్షణ పొందిన గైడుతోనే వెళ్ళాలి, అతను వాడే ఎర్రటి దీపం తప్ప మరే వెలుగూ, ఫోను తెరతో సహా, వేయకూడదు.

దోమలకు మందు, చీకటి పడ్డాక నిండు చేతుల చొక్కా అవసరం. దీవిలో డెంగ్యూ కొత్తది కాదు. రాత్రి దారుల్లో ఒంటరిగా తిరగడం, ఇంటి తలుపులు తెరిచి ఈతకు వెళ్ళడం తగదు. ఊరు చిన్నదే గానీ ప్రపంచం బయటే ఉంది. పోలీసులకు 999, అంబులెన్సుకు 811, అగ్నిమాపక దళానికి 990 నంబర్లు. పెద్ద ఆసుపత్రి స్కార్బరోలో ఉంది. విద్యుత్తు 115 వోల్టులు, చదును పుల్లల ప్లగ్గు. మన చార్జర్లు చాలావరకు పనిచేస్తాయి గానీ, ప్లగ్గు మార్చే సాధనం కావాలి, ఇస్త్రీపెట్టె విషయంలో జాగ్రత్త అవసరం.

బయలుదేరే ముందు రోజే కారు మాట్లాడుకుని పెట్టుకోండి. తెల్లవారుజామున విమానం ఉంటే, బస్సును నమ్ముకోకండి. ఇంటివారికి చెల్లించవలసిన డబ్బు చిన్న నోట్లలో లెక్కపెట్టి ఇవ్వండి. మిగిలిన బియ్యం, పప్పు, పసుపు సీసా పారేయకుండా వంటగదిలోనే వదిలితే, తరువాత వచ్చేవారికో ఆ ఇంటావిడకో పనికివస్తాయి. నేను వదిలిన చింతపండు పొట్లాన్ని ఆవిడ వాసన చూసి, ‘టాంబ్రాన్’ అని నవ్వి, చక్కెర కలిపి ఉండలు చేస్తానని అల్మరాలో పెట్టుకుంది.